శంకర్–జైకిషన్ పాట తెలుగు నోట

హిందీ సినిమా పాట మీద వ్యాసం, అదీ ఒక విశ్వవిద్యాలయ కళాశాల విద్యార్థి సంఘం వార్షిక సంచికలో! త్యాగరాజస్వామి మీదో, ఆదిభట్ల నారాయణదాసు గారి మీదో రాయవలసిన చోట ఇదేమిటని కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. ఆ అభ్యంతరం కొత్తదేమీ కాదు. 1952లో కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన డాక్టర్ బి.వి. కేస్కర్ గారిదీ ఇదే అభిప్రాయం. సినిమా పాట చవకబారుదనీ, శాస్త్రీయ సంగీతానికి చేటు చేస్తుందనీ ఆయన నమ్మారు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. జనం ఊరుకున్నారా? రేడియో ముల్లు తిప్పి సిలోను పట్టుకున్నారు. చివరికి 1957లో ‘వివిధ భారతి’ పెట్టి ఆకాశవాణే సినిమా పాటకు మళ్లీ తలుపు తెరవవలసి వచ్చింది.

అయితే ఆనాటి వాదంలో ఒక ప్రశ్న మాత్రం న్యాయమైనదే. సినిమా నాలుగు వారాలో, నూరు రోజులో ఆడి వెళ్లిపోయేది. దాని కోసం కట్టిన పాట ఎన్నాళ్లుంటుంది? ఏ గుణం వల్ల ఉంటుంది? ఈ ప్రశ్నకు ‘వినడానికి బాగుంటుంది కాబట్టి’ అని జవాబు చెప్పేస్తే అది జవాబు కాదు. బాగున్న పాటలెన్నో మరుగున పడిపోయాయి కూడాను. అంచేత ఒక జంటను తీసుకుని, వారి పాటల కట్టుబడిని కాస్త విప్పి చూద్దాం. ఆ జంట శంకర్–జైకిషన్. వీరినే ఎందుకు ఎంచుకున్నామంటే, వీరి పాటకు తెలుగుతో ఉన్న చుట్టరికం పైకి కనిపించేదాని కన్నా దగ్గరది. అందులో మన విశాఖపట్నానికీ ఒక వాటా ఉంది.

ముందు మన ఊరి సంగతి ఒక్క మాట. 1933లో రేవు తెరిచారు. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1948లో ‘జల ఉష’ నీటిలోకి దిగింది. ఆ తరవాత నౌకాదళం, రైల్వే, చమురు శుద్ధి కర్మాగారం పెరిగాయి. 1966 నాటి ఉక్కు ఉద్యమం ఫలితంగా 1971 జనవరిలో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఈ పనులన్నిటికీ బెంగాలీలు, ఒరియావారు, మలయాళీలు, మరాఠీలు, పంజాబీలు వచ్చి చేరారు. ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోతుంది, పూర్ణా మార్కెట్లో తెలుగు రాక తప్పదు. మరి సాయంత్రం క్వార్టర్లలో పది మంది చేరి ఎవరో డోలక్ అందుకుంటే అందరికీ వచ్చిన పాట ఏది? హిందీ సినిమా పాటే. ఆ పాట అక్షరం అర్థం కాకపోయినా పాడేవాళ్లు అందులో సగం మంది ఉంటారు. అర్థం కాకుండానే నోట నిలిచిందంటే దానికి కారణం మాటల్లో కాక మరెక్కడో ఉండాలి కదా.

శంకర్ సింగ్ రఘువంశీ 1922 అక్టోబరు 15న హైదరాబాదులో పుట్టారు. బాల్యం అక్కడే గడిచింది. తెలుగు వారి ఇంటి భాష కాకపోయినా, చుట్టూ వినబడే భాష అది, బాగా వచ్చిన భాష. చేతికి మొదట వచ్చిన విద్య తబలా. ఇది గుర్తు పెట్టుకోదగ్గ విషయం. రాగం ద్వారా కాక తాళం ద్వారా సంగీతంలోకి వచ్చిన మనిషి ఆయన. బొంబాయి వెళ్లి పృథ్వీరాజ్ కపూర్ గారి ‘పృథ్వీ థియేటర్స్’ నాటక సంస్థలో తబలా వాయించేవారు. జైకిషన్ గుజరాతులోని బాన్స్‌డా వారు, 1929లో పుట్టారు. ఆయన వాద్యం హార్మోనియం. శంకర్ ద్వారానే ఆయనా పృథ్వీ థియేటర్స్‌లో చేరారు. ఇద్దరూ రామ్ గంగూలీ గారి దగ్గర ‘ఆగ్’ (1948) చిత్రానికి సహాయకులుగా పనిచేశారు. మరుసటి చిత్రం ‘బర్సాత్’ (1949)కు రాజ్‌కపూర్ ఈ కుర్రవాళ్లిద్దరికే సంగీతం అప్పగించారు. వారితో పాటు వచ్చిన కవులిద్దరి సంగతీ చెప్పాలి. శైలేంద్ర రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మనిషి. హస్రత్ జైపురి బస్సు కండక్టరు. తబలా వాయించేవాడు, హార్మోనియం వాయించేవాడు, రైల్వే కార్మికుడు, బస్సు కండక్టరు కలిసి కట్టిన పాటలు అవి. జనానికి ఎక్కాయంటే ఆశ్చర్యమేముంది?

‘బర్సాత్’ పాటల్లో చాలా వాటికి ఆధారం భైరవి. ఇక్కడ మన సంగీత విద్యార్థులు పొరబడకూడదు. హిందూస్తానీ భైరవి వేరు, మన కర్ణాటక భైరవి వేరు. హిందూస్తానీ భైరవి స్వరాలు మన తోడి మేళానివి. నడకలో మన సింధుభైరవికి దగ్గర. కచేరీలో చిట్టచివర పాడే రాగం అది. భజనకూ, తత్వానికీ, వీధి భిక్షుకుడి పాటకూ ఒదిగే రాగం. తోడిని గమకాలతో లాగి పాడాలంటే ఏళ్ల సాధన కావాలి. భైరవిని తిన్నగా మెట్లు దిగినట్టు పాడినా భైరవే. శంకర్‌కు ఈ రాగం మీద ఉన్న మక్కువ జగమెరిగినదే. పండితుడు కచేరీ ముగించే చోట వారు పాట మొదలుపెట్టారు.

అలాగని రాగజ్ఞానం లేక తేలిక దారి పట్టారనుకుంటే పొరపాటు. ‘బసంత్ బహార్’ (1956) వినండి. అందులో పండిత భీమ్‌సేన్ జోషీ గారి చేత, మన్నా డే గారి చేత పోటీ పాట పాడించారు. కథ ప్రకారం మన్నా డే గొంతు గెలవాలి. జోషీ గారిని ఓడించడమా అని మన్నా డే హడలిపోయి తప్పించుకోబోయారట! 1968లో ‘రాగా జాజ్ స్టైల్’ అని ఒక లాంగ్‌ప్లే రికార్డు చేశారు. రయీస్ ఖాన్ గారి సితారును జాజ్ వాద్యాల మధ్య కూర్చోబెట్టి పదకొండు రాగాలు వాయించారు. అంతటి కసరత్తు చేయగలవారు సినిమా పాటలో మాత్రం స్వరాన్ని పొదుపుగా వాడారు. చేతకాక కాదు, తెలిసి చేసిన పని.

ఇక కట్టుబడి. వీరి పాట రెండు అంతస్తుల మేడ లాంటిది. కింది అంతస్తు పల్లవి. అది చిన్నది, తిన్ననిది. మామూలు గొంతు ఉన్నవాడు ఒక్కసారి విని పాడగలిగినది. పై అంతస్తు వాద్యగోష్ఠి. పదులకొద్దీ వయొలిన్లు, అకార్డియన్, మాండొలిన్, వేణువు, డోలక్. గోవా నుంచి వచ్చిన సెబాస్టియన్ డిసౌజా వాద్యాలకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలేఖనం చేసేవారు, దత్తారామ్ లయ చూసుకునేవారు. ఇందులో విశేషం ఏమిటంటే, పై అంతస్తు ఎంత భారీగా ఉన్నా కింది అంతస్తు మీద బరువు పడదు. గాయకుడు పాడుతుంటే వయొలిన్లు పక్కకు తప్పుకుని వేరే దారిలో నడుస్తాయి. చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యఖండం కూడా నోటితో పలకగలిగేదిగా ఉంటుంది. ‘ఆవారా’ (1951) టైటిల్ పాటను ఎవరినైనా పాడమనండి. మాటలకు ముందు వచ్చే అకార్డియన్ ముక్కను నోటితో పలికి మరీ మొదలుపెడతారు. 1954లో సోవియట్ దేశంలో ఆ సినిమా విడుదలైనప్పుడు హిందీ ముక్క రాని జనం ఆ పాట పాడుకున్నారంటే కారణం ఇదే.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. ‘శ్రీ 420’ (1955)లో రఫీ, లత, ముఖేష్ కలిసి పాడిన పాట పల్లవి ‘రామయ్యా వస్తావయ్యా’ అన్న అచ్చ తెలుగు మాటతో మొదలవుతుంది. ఇది ఎలా వచ్చిందన్న కథను రకరకాలుగా చెబుతారు. దారిలో ఒక హోటలులో తెలుగు పనివాణ్ని శంకర్ పిలిచిన పిలుపే పాటైందని కొందరంటారు. బాణీ కడుతూ తోచిన మాట పెట్టుకుంటే శైలేంద్ర దాన్నే ఉంచేశారని కొందరంటారు. కథ ఏదైనా కానివ్వండి, ఆ మాట అక్కడ ఎందుకు అతికిందో చూడటం మనకు ముఖ్యం. ఛందస్సు చదివిన మిత్రులు గురులఘువులు వేసి చూడండి. రా–మ–య్యా, వ–స్తా–వ–య్యా. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది కాబట్టి ఏడుకు ఏడూ గురువులే! ఒక్క లఘువు లేదు. మూడూ నాలుగుగా విరిగి, రెండు చోట్లా దీర్ఘాచ్చు మీద ఆగుతుంది. చప్పట్లు కొడుతూ బృందంగా పాడే పాటకు ఇంతకన్నా అనువైన మాట ఏ భాషలో దొరుకుతుంది? తబలా వాయించే చెవికి ఆ మాటలోని అర్థం కన్నా దరువు ముందు వినబడి ఉంటుంది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది, దాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు. హిందీలో చాలా మాటలు హల్లు దగ్గర మూతపడతాయి. శంకర్–జైకిషన్ బాణీలు పాదం చివర అచ్చు మీద నిలబడటానికి ఇష్టపడతాయి. అందుకే వాటిలో తెలుగు మాట పెట్టినప్పుడు కుట్టు కనిపించదు. హైదరాబాదు బాల్యం వల్లనే ఇలా వచ్చిందని రుజువు చేయమంటే చేయలేం. చెవికి మాత్రం అలా తోస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ ‘ఆహ్’ (1953). రాజ్‌కపూర్, నర్గీస్ నటించిన ఈ చిత్రాన్ని అదే ఏడు ‘ప్రేమలేఖలు’ పేరుతో తెలుగు చేశారు. ఏ.ఎం. రాజా, జిక్కి పాడారు. పాటలు రాసినది ఆరుద్ర. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి గారు 1925లో పుట్టినది విశాఖపట్నంలోనే. శ్రీశ్రీ, రోణంకి, నారాయణబాబుల గాలి పీల్చి పెరిగిన కవి. యుద్ధకాలంలో 1943లో వైమానిక దళంలో చేరి బ్యాండులో పనిచేసిన మనిషి కూడా. ఆయన ‘త్వమేవాహం’ చదివినవారు ఆ వివరాన్ని దాటిపోవచ్చు గాని పాట రాయడానికి అది చిన్న అర్హత కాదు. డబ్బింగు పాట రాయడమంటే మాటలా? బాణీ ఇదివరకే గట్టిపడిపోయింది. తెర మీద పెదవులు హిందీలో కదులుతున్నాయి. పెదవి మూసిన చోట మూత పడే అక్షరమే రావాలి, తెరిచిన చోట దీర్ఘం రావాలి. పైగా అర్థం తెలుగువాడి ఇంటిదై ఉండాలి.

ఆ సినిమాలో లత పాడిన పెళ్లి పాట హిందీలో ‘బరాత్’ గురించి. వరుడు ఊరేగింపుగా రావడం ఉత్తరాదివారి పెళ్లిలో పెద్ద ఘట్టం. ఆరుద్ర ఆ మాటను తెలుగు చేయడానికి తంటాలు పడలేదు. ఊరేగింపును వదిలేసి, మన పెళ్లికి కేంద్రమైన పందిరిని తెచ్చి పెట్టారు. అదే ‘పందిట్లో పెళ్లవుతున్నాది’. జిక్కి గొంతులో ఆ పాట ఎన్ని పెళ్లిళ్లలో మోగిందో లెక్కలేదు. అది హిందీ పాటకు నకలన్న సంగతే తెలియకుండా పాడుకున్న ఇళ్లు వేలు. ‘పెళ్లవుతున్నాది’ అన్న ఆ నుడికారం గమనించండి. వ్యాకరణం ‘అవుతున్నది’ చాలంటుంది. బాణీ అక్కడ దీర్ఘం అడిగింది, జానపదుడి నోట ఆ దీర్ఘం సిద్ధంగా ఉంది. బొంబాయి బాణీకీ మన పల్లెపదానికీ అక్కడ చుట్టరికం కలిసింది. అనువాదశాస్త్రం చదివే మిత్రులు ఈ ఒక్క పాటను పాఠంగా పెట్టుకోవచ్చు.

చుట్టరికం అక్కడితో ఆగలేదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు హిందీలో చిత్రాలు తీసినప్పుడు వరసగా వీరి సంగీతమే తీసుకున్నారు. ‘ఛోటీ బహన్’ (1959), ‘ససురాల్’ (1961), ‘హమ్‌రాహీ’ (1963), ‘బేటీ బేటే’ (1964) అన్నీ అలా వచ్చినవే. ‘ససురాల్’ మన ‘ఇల్లరికం’ కథే, దర్శకుడూ ఆ తాతినేని ప్రకాశరావు గారే. ‘ఛోటీ బహన్’లో లత పాడిన రాఖీ పాట ఈనాటికీ రాఖీ పూర్ణిమ నాడు మోగుతూనే ఉంటుంది. ప్రకాశరావు గారే తీసిన ‘సూరజ్’ (1966) సంగతి మాత్రం వివరంగా చెప్పుకోవాలి.

ఆ చిత్రంలో రఫీ పాడిన ‘బహారోఁ ఫూల్ బర్సావో’ తెలియని బ్యాండు మేళం ఉండదు. 2013లో బి.బి.సి. ఏషియన్ నెట్‌వర్క్ శ్రోతల ఓట్లు తీసుకున్నప్పుడు హిందీ పాటలన్నిటిలో మొదటి స్థానం దీనికే వచ్చింది. అది శివరంజని రాగం. మోహనం తెలుసు కదా: స రి గ ప ద. ఇందులో అంతర గాంధారాన్ని ఒక మెట్టు దించి సాధారణ గాంధారం చేస్తే శివరంజని. మారినది ఒక్క స్వరమే. వెన్నెల లాంటి మోహనం కాస్తా గొంతు పూడుకున్నట్టు అయిపోతుంది. అంచేత సినిమాల్లో దుఃఖం రాగానే శివరంజని ఎత్తుకోవడం ఆనవాయితీ. వీరూ ‘మేరా నామ్ జోకర్’ (1970)లో పోయిన రోజుల్ని తలచుకునే ముఖేష్ పాటను ఈ రాగంలోనే కట్టారు. కాని ‘సూరజ్’లో అదే రాగం స్వాగతం, పూలు, సంబరం! ఎలా చేశారు?

పాడి చూస్తే తెలుస్తుంది. ‘జోకర్’ పాటలో గాంధారం మీద గొంతు నిలిచి, రిషభం మీదకు మెల్లగా జారుతుంది. జారే చోట కన్నీరు ఉంది. ‘సూరజ్’ పాటలో ఆ గాంధారాన్ని తాకి దాటిపోతారు, నిలబడరు. చురుకైన దరువు వెనక నుంచి తోస్తుంటుంది. రఫీ గొంతు పై స్థాయిలో విచ్చుకుంటుంది. అయినా రాగం తన గుణాన్ని పూర్తిగా వదలదు. ఎంత సంబరంలోనూ ఎక్కడో ఒక చిన్న దిగులు మెదులుతుంది. ఆడపిల్ల పెళ్లిలో ఇంటివాళ్లకుండే దిగులు లాంటిది. ఆ పాటను పెళ్లి మేళాలవాళ్లు వదలకపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఒట్టి సంతోషం ఒకటి రెండు సార్లకు విసుగేస్తుంది. సన్నాయికి బదులు క్లారినెట్టు, గాయకుడికి బదులు ట్రంపెట్టు, మాటలు సున్న. అయినా పాట చెడదు.

పొగడ్తే సరిపోదు, తూకం కూడా ఉండాలి. వీరి పాటలన్నీ నిలవలేదు. 1960ల్లో ఒకే ఏడాది గంపెడు సినిమాలు ఒప్పుకున్నారు. పల్లవి బాగుండి చరణాలు అరువు తెచ్చుకున్నట్టుండే పాటలు ఆ కాలంలో కొల్లలు. వయొలిన్ల హోరులో మాట మునిగిపోయినవీ ఉన్నాయి. విదేశీ బాణీల వాసన కొన్నిటిలో దాచినా దాగదు. మాటకు ప్రాణం పోసే శైలేంద్ర 1966 డిసెంబరు 14న చనిపోయిన తరవాత ఆ లోటు బాగా తెలిసింది. 1968లో పద్మశ్రీ వచ్చింది, మొత్తం తొమ్మిది ఫిల్మ్‌ఫేర్ బహుమతులు వచ్చాయి. కాని చివరి బహుమతుల నాటి పాటలు ‘శ్రీ 420’ పాటల పక్కన నిలబడతాయని వారి వీరాభిమానులు కూడా అనరు.

శంకర్ మనవాడు కాబట్టి గొప్పంతా ఆయనదేనని వాదించే తెలుగు అభిమానులున్నారు. ఈ వాదం నిలవదు. ఏ బాణీ ఎవరు కట్టారో ఇద్దరూ సాధారణంగా విడదీసి చెప్పేవారు కాదు. నృత్యగీతాలు శంకర్‌వి, నేపథ్య సంగీతం జైకిషన్‌ది అనీ, శైలేంద్ర మాటలుంటే శంకర్, హస్రత్ మాటలుంటే జైకిషన్ అనీ లోకంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారమైతే మనం ఇంతసేపు చెప్పుకున్న ‘సూరజ్’ పాట జైకిషన్‌ది కావాలి, ఎందుకంటే మాటలు హస్రత్‌వి. మనవాడి పేరు మీద గుజరాతీ సోదరుడి సొత్తు కలిపేసుకోవడం మర్యాద కాదు.

ఇక 1971. ఆ ఏడు ఎన్.టి. రామారావు, వాణిశ్రీ నటించిన ‘జీవితచక్రం’ అనే తెలుగు చిత్రానికి ఈ జంట సంగీతం చేసింది. ఘంటసాల వారు పాడారు. ‘కంటిచూపు చెపుతోంది’ వంటి పాటలు అప్పట్లో బాగానే మోగాయి. డబ్బింగు ద్వారా కాకుండా నేరుగా తెలుగు మాటకు వీరు బాణీ కట్టడం చూస్తే, ఇది ఇరవై ఏళ్ల ముందే జరిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఆ సెప్టెంబరు 12న జైకిషన్ కన్నుమూశారు. నలభై రెండేళ్లు నిండలేదు.

రాజ్‌కపూర్ తరవాతి చిత్రం ‘బాబీ’ (1973)కి లక్ష్మీకాంత్–ప్యారేలాల్ వచ్చారు. నిర్మాతలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. శంకర్ మాత్రం పదహారేళ్ల పాటు పని మానలేదు. తాను ఒక్కరే చేసిన చిత్రాలకు కూడా ‘శంకర్–జైకిషన్’ అన్న పేరే వేయించారు. ‘సన్యాసి’ (1975)కి మళ్లీ భైరవినే ఆశ్రయించారు, పాటలు ఊరూరా మోగాయి. 1987 ఏప్రిల్ 26న ఆయన పోయిన సంగతి సినిమా లోకంలో చాలా మందికి వెంటనే తెలియను కూడా తెలియలేదు. 2013లో ‘రామయ్యా వస్తావయ్యా’ అన్న పేరుతో తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, రెండు సినిమాలు వచ్చాయి. హిందీ ప్రేక్షకుడికి అది ఇప్పటికీ శంకర్–జైకిషన్ పాట. ఆ మాటకు అర్థం ఏమిటని అతన్ని అడిగితే సగం మంది చెప్పలేరు. పాడమంటే మాత్రం పాడతారు.